ఆరామ్ గద్దీలో లేదు, నాప్‌లో ఉంది

మన ఘరానాల్లో సైకిల్ కొనే తీరు ఒకటే. గద్దీని వేలితో నొక్కి చూస్తాం. ముందు స్ప్రింగులున్నాయా, గేర్లెన్ని అని అడుగుతాం. పిల్లలకైతే "పెద్దదే తీసుకో, పెరుగుతారులే" అంటాం. అదే షాదీకి షేర్వానీ కుట్టించాలంటే దర్జీ ముందు కదలకుండా నిలబడి నాప్ ఇస్తాం. ఒక్క పూట తొడిగే షేర్వానీకి ఉన్న ఇజ్జత్, గంటల తరబడి మనల్ని మోసే సైకిల్‌కి ఎందుకు లేదన్నదే నా సవాల్.

గల్లీ చివరి కిరాణా దుకాణం దాకా ఏ సైకిలైనా నడుస్తుంది. హైదరాబాద్ నుంచి అనంతగిరి దాకా, సుమారు 80 కిలోమీటర్లు, తొక్కితే అసలు సంగతి బయటపడుతుంది. మెత్తటి గద్దీ మొదటి అరగంట జన్నత్. ఆ తర్వాత ఎముకలు అందులో దిగబడి, నరాలు నలిగి తిమ్మిరెక్కుతుంది. మన కూర్చునే ఎముకలకు సరిపడా వెడల్పుండి, కాస్త గట్టిగా ఉండే గద్దీయే లంబీ సఫర్‌కి దోస్త్. ఖవాతీన్‌కి ఆ ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ. మగవాళ్ల కోసం చేసిన సన్న గద్దీ చాలామందికి నప్పదు.

తారురోడ్డు మీద ముందు స్ప్రింగులు నుమాయిష్ సామానే. బరువు పెంచుతాయి, తొక్కే తాకత్‌లో కొంత తినేస్తాయి. 32 నుంచి 40 మిల్లీమీటర్ల టైర్లు వేసి, రాయిలా గట్టిపడేంత గాలి కొట్టకుండా ఉంటే గతుకుల్ని అవే మింగుతాయి. తిన్నటి హ్యాండిల్‌పై చేతులకు ఒకటే జాగా. వంపు హ్యాండిల్‌పై రెండు మూడు జాగాలు మార్చుకోవచ్చు. అది గద్దీ ఎత్తుకు దగ్గరగా ఉంటే నడుము దువా ఇస్తుంది.

గద్దీ ఎత్తుకి హిసాబ్ సులువు. పెడల్ అడుగున ఉన్నప్పుడు దానిపై మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. మునివేళ్ల వైపు పాదంతో తొక్కితే మోకాలు కాస్త వంగుతుంది. గద్దీ మరీ కిందికుంటే మోకాళ్లకు తకలీఫ్, మరీ పైకుంటే తుంటి అటూ ఇటూ ఊగుతుంది.

ఇక మన బేటీల సంగతి. బుర్ఖా వల్ల సైకిల్ మానేసిందంటారు. నేనైతే చైన్‌కి కవర్ లేక మానేసిందంటాను. కిందికి వంగిన ఫ్రేమ్, నిండు చైన్ కవర్, వెనక చక్రానికి జాలీ ఉంటే బుర్ఖా, దుపట్టా చిక్కుకునే ఖతరా చాలావరకు తప్పుతుంది. తమ్ముడికి కొన్న సైకిల్‌ని అక్కకి అప్పగించి, తను తొక్కడం లేదని నిందించడం ఇన్సాఫ్ కాదు.

రఫ్తార్ గురించి ఫికర్ వద్దు. బ్రెవే అనే లంబీ సవారీల్లో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాల మియాద్ ఇస్తారు. గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. అక్కడ కావాల్సింది జోరు కాదు, సబర్. నొప్పి పుట్టించే సైకిల్ మీద సబర్ ఎంతసేపు నిలుస్తుంది?

నా మషవరా ఇదే: తొక్కబోయే మనిషిని దుకాణానికి తీసుకెళ్లండి, అమ్మీ అయినా, బేటీ అయినా. అరగంట తొక్కి చూడనివ్వమనండి. కుదరదంటే షుక్రియా చెప్పి పక్క దుకాణానికి నడవండి.