2 సెకన్లు... 63 గజాలు!

భావనపాడు తీరంలో సాయంత్రమైతే కుర్రాళ్లు ఇసుకలో రెండు కర్రలు పాతి బంతి తన్నుకుంటుంటారు. వాళ్లలో ఒకణ్ని పిలిచి, 'ముప్ఫై అడుగుల పడవలు ఆరు వరసగా పేర్చి, ఇంకో తొమ్మిది అడుగులు వెనక్కి జరిగి, అక్కణ్నుంచి తన్నరా. బంతి ఆ చివరనున్న పదడుగుల దూలం మీంచి పోవాలి' అంటే పకపకా నవ్వుతాడు. 'కాలికి వేళ్లు లేవనుకుని తన్ను' అంటే మాత్రం నవ్వడు. అడిగినవాళ్లనే వింతగా చూస్తాడు.

1970 నవంబరు 8న న్యూ ఆర్లియన్స్‌లో టామ్ డెంప్సీ చేసింది సరిగ్గా అదే.

అమెరికావాళ్ల ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి పీచు తీయని చిన్న కొబ్బరికాయలా రెండువైపులా మొనదేలి ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరిగెత్తడాలు, ఒకరి మీద ఒకరు పడిపోవడాలు... ఆటంతా అదే. పాదానికి పని తక్కువ. ఆ కాస్త పనికోసం ఉండేవాడే ప్లేస్‌కిక్కర్. మిగతా వాళ్లు బురదలో దొర్లుతుంటే ఇతను శుభ్రమైన బట్టలతో బెంచీ మీద కూర్చుంటాడు. పిలుపు రాగానే వెళ్లాలి. తోటి ఆటగాడు మోకాళ్ల మీద కూర్చుని బంతిని నేలమీద నిలబెడతాడు. రెండు మూడు అడుగులు వేసి తన్నాలి. రెండు స్తంభాల మధ్య నుంచి, అడ్డదూలం పైనుంచి పోతే మూడు పాయింట్లు. పెళ్లిలో గట్టిమేళం లాంటి ఉద్యోగం. సమయానికి మోగితే ఎవరూ పట్టించుకోరు, తప్పితే మాత్రం పందిరంతా తిరిగి చూస్తుంది.

డెంప్సీకి పుట్టుకతోనే కుడిపాదానికి వేళ్లు లేవు. కుడిచేతికీ లేవు. అయినా తన్నింది ఆ కుడికాలితోనే! కాలేజీ రోజుల్లో పాదం చివర టేపు చుట్టుకుని ఒట్టికాలితో తన్నేవాడు. తర్వాత ముందుభాగం చదునుగా, సుత్తి మొహంలా ఉండే బూటు ప్రత్యేకంగా కుట్టించారు. 1969లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ జట్టులో చేరాడు.

ఆ జట్టు పరిస్థితి అంతంతమాత్రం. 1970లో ఏడు ఆటలాడి ఒక్కటే గెలిచింది. కోచ్‌ని మార్చేశారు. కొత్త కోచ్‌కి అదే మొదటి ఆట. ప్రత్యర్థి డెట్రాయిట్ లయన్స్ ఆఖర్లో మూడు పాయింట్లు సాధించి 17-16తో ముందుకెళ్లింది. మిగిలింది 11 సెకన్లు. సెయింట్స్ ఎలాగో బంతిని కాస్త ముందుకు తెచ్చారు. ఇక 2 సెకన్లే. దూరం 63 గజాలు. అప్పటిదాకా రికార్డు 56. అదీ 1953 నాటిది. డెంప్సీ తన్నాడు. బంతి దూలాన్ని దాటింది. 19-17!

ఆ తర్వాత సెయింట్స్ ఆ ఏడాది మిగిలిన ఆరు ఆటలూ ఓడిపోయిందన్నది వేరే సంగతి.

ఒక్క ప్రయత్నం మీద అంతా ఆధారపడటం శ్రీకాకుళం జిల్లాకు కొత్తేం కాదు. 2000లో సిడ్నీలో ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తబోయి విఫలమైంది. అప్పటికే చేతిలో ఉన్న 240 కిలోలతో కాంస్యం దక్కింది. దేశమంతా పండగ చేసుకుంది. అయినా ఆ ఒక్క బరువూ లేచి ఉంటే... అనుకోనివాళ్లు అప్పట్లో తక్కువ. డెంప్సీకి ఆ 'ఉంటే' లేదు. అతనికి వేరే తలనొప్పి మొదలైంది. ఆ చదును బూటే బంతిని అంతదూరం పంపిందన్నారు కొందరు. వేళ్లులేని పాదాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు! 1977లో నిబంధనే మార్చేశారు, బూటు ముందుభాగం మామూలు బూటులాగే ఉండాలని. జనం దాన్ని 'డెంప్సీ రూల్' అన్నారు.

అతను తన్నిన ప్రతిదీ తగిలిందనుకుంటే పొరపాటే. 1979 దాకా ఐదు జట్లకు ఆడి 258సార్లు ప్రయత్నిస్తే 159సార్లే బంతి దూలం దాటింది. ఇవాళ్టి లెక్కల్లో అది తక్కువే. పద్ధతీ మారింది. డెంప్సీ ఎదురుగా నేరుగా వెళ్లి తన్నేవాడు. హంగరీ నుంచి వచ్చిన పీట్ గోగొలాక్ 1964లో పక్కనుంచి వచ్చి పాదం పైభాగంతో తన్నడం తెచ్చాడు. అందరూ అటే మళ్లారు.

రికార్డు మాత్రం కదల్లేదు. 1998లో జేసన్ ఈలమ్ సమం చేశాడంతే. 2013లో మ్యాట్ ప్రేటర్ 64 గజాలతో దాటాడు. ఇద్దరూ తన్నింది సముద్రమట్టానికి మైలు ఎత్తున, గాలి పలచగా ఉండే డెన్వర్‌లో. న్యూ ఆర్లియన్స్ మన తీరంలాగే పల్లపు నేల. 2021లో జస్టిన్ టక్కర్ 66 తన్నాడు, బంతి దూలానికి తగిలి మరీ అవతల పడింది. చిత్రంగా ఓడింది మళ్లీ డెట్రాయిట్ లయన్సే! 2025లో క్యామ్ లిటిల్ దాన్ని 68 చేశాడు.

ఆట మానేశాక డెంప్సీ న్యూ ఆర్లియన్స్‌లోనే స్థిరపడ్డాడు. 2005లో కత్రినా తుపానుకి ఇంట్లోకి నీళ్లొచ్చి, దాచుకున్న జ్ఞాపికలు చాలా కొట్టుకుపోయాయి. 2018లో తిత్లీకి కొబ్బరి, జీడితోటలు నేలకొరిగిన ఉద్దానానికి ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. 2012లో మతిమరుపు జబ్బని తేలింది. ఉన్న జ్ఞాపకాలూ ఒక్కొక్కటే జారిపోయాయి. 2020 ఏప్రిల్ 4న, 73వ ఏట, కరోనాతో కన్నుమూశాడు.

ఆ చదును బూటు మాత్రం నీళ్ల పాలు కాలేదు. ఒహాయో రాష్ట్రం కాంటన్‌లోని ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎప్పుడో చేరిపోయింది.