ఈ ‘తెత్’ పరీక్ష వేరండీ!

‘టెట్’ అనగానే మీకు డీఎస్సీ గుర్తొస్తుంది. నేను చెప్పేది వియత్నాం కొత్త సంవత్సరం పండగ సంగతి. దాన్ని వాళ్లు ‘తెత్’ అంటారు. ఆ పరీక్షలో నేనొకసారి ఘోరంగా ఫెయిలయ్యాను.

2023 జనవరి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్‌కి పంపే యాప్ తయారుచేసే చిన్న కంపెనీలో చేస్తున్నాను. వియత్నాంలో మాకో క్లయింటు ఉండేవారు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. పండగ రోజు పొద్దున్నే కుందేలు బొమ్మతో ‘హ్యాపీ చైనీస్ న్యూ ఇయర్’ అని ఫార్వర్డ్ కొట్టాను. పనిలో పనిగా, మాకు రావాల్సిన పేమెంట్ ఎప్పుడని కూడా అడిగాను. రెండు గంటల తర్వాత ఒక పిల్లి బొమ్మ వచ్చింది. అంతే, ఆ తర్వాత పది రోజులు ఉలుకూ పలుకూ లేదు.

ఒక్క మెసేజ్‌లో మూడు తప్పులు. అది వాళ్ల పండగ, దానికి చైనా పేరు తగిలించాను. చైనా వాళ్లకు 2023 కుందేలు సంవత్సరమే గానీ వియత్నాం లెక్కలో పిల్లి సంవత్సరం. ఇక మూడోది మరీ ఘోరం. అప్పులూ బాకీలూ పండగకు ముందే తీర్చుకోవాలన్నది అక్కడి పట్టింపు. సంవత్సరం మొదటి రోజు డబ్బు అడగడం అంటే, ఉగాది పూట గుమ్మంలో నిలబడి బాకీ అడిగినట్టే.

ఏలూరులోనో గూడెంలోనో బీటెక్ చదువుకునే మాకు వియత్నాంతో పనేంటి అంటారా? కొల్లేరు చుట్టూ చెరువుల్లో పెంచే ఫంగస్ చేప పుట్టిల్లు మెకాంగ్ నది. రొయ్యల ఎగుమతిలో మనతో పోటీపడేదీ వియత్నామే, మన రొయ్యలు కొనే దేశాల్లోనూ వియత్నాం ఉంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు, ఒక్క మార్కెట్‌నే నమ్ముకుంటే ఏమవుతుందో మన ఆక్వా రైతులు కళ్లారా చూశారు. అదే నెలలో తమిళనాడులోని తూత్తుకుడిలో వియత్నాం కార్ల కంపెనీ విన్‌ఫాస్ట్ ఫ్యాక్టరీ మొదలైంది. నాలుగు పలకరింపులు నేర్చుకున్నంత మాత్రాన వీటిలో ఎక్కడా ఉద్యోగం వచ్చేయదు, ఆ ఆశ పెట్టను. కానీ అవతలి మనిషి మీతో రెండోసారి మాట్లాడాలనుకోవాలంటే అవి కావాలి.

‘చుక్ ముంగ్ నమ్ మొయ్’ అంటే నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఇది ఏ యాప్ అయినా చెబుతుంది. దక్షిణ వియత్నాంలో ఐదు, ఉత్తరాన ఆరు స్వరాలున్నాయి, తెలుగు లిపిలో అవి పలకవు. కాబట్టి యూట్యూబ్‌లో వినాల్సిందే. చిక్కల్లా ‘మీకు’ అన్న మాట దగ్గర వస్తుంది. అనువాదం చేసే యాప్‌లు ఎక్కువగా ‘బాన్’ అని ఇస్తాయి. అది స్నేహితుడితో అనే మాట. పెద్దాయనతో అంటే, మన ప్రిన్సిపాల్‌ని ‘ఏం బ్రో’ అన్నట్టుంటుంది. నాన్నకంటే పెద్దవారైతే ‘బాక్’, చిన్నవారైతే ‘చూ’ అనాలి. అంటే పెదనాన్న, బాబాయ్! అన్నకు, అక్కకు, తమ్ముడికి వేరే మాటలున్నాయి. అందుకే అక్కడ మొదటి పరిచయంలోనే వయసు అడుగుతారు, అది మర్యాదలో భాగం. ఇంగ్లిష్ ‘యూ’కి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ తికమకపడతారు. బస్సు కండక్టర్‌ని కూడా ‘బాబాయ్’ అని పిలిచే మనకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య.

ఇంకో మాట చెబితే మన గోదావరి జిల్లాల వాళ్లు మురిసిపోతారు. మెకాంగ్ డెల్టాలో పెద్దలతో మాట్లాడేటప్పుడు ముందు ‘యా’ అని మొదలుపెడతారు. అచ్చం మన ‘ఆయ్’! ఉత్తరాదిలో వాక్యం చివర ‘ఆ’ చేరుస్తారు. అది మన ‘అండి’ అనుకోండి.

అన్నీ కలుస్తాయనుకుంటే మాత్రం పొరపాటే. మనం కుడిచేత్తో ఇస్తే చాలు, అక్కడ రెండు చేతులతో ఇవ్వాలి, పుచ్చుకోవాలి. పండగకు ఎర్ర కవర్లో డబ్బు ఇస్తే ఇచ్చినవారి ముందు విప్పకూడదు. మొదటి రోజు పిలవకుండా ఎవరింటికీ వెళ్లొద్దు. ఆ ఏడాది గడప తొక్కే మొదటి మనిషిని బట్టే ఇంటి అదృష్టం అని నమ్ముతారు, ఆ మనిషిని ముందే ఎంచి పెట్టుకుంటారు. మీ వల్ల వాళ్ల ఏడాది పాడైందన్న మాట మీకెందుకు?

2027లో తెత్ ఫిబ్రవరి 6న వస్తుంది. ఆ వారమంతా ఆఫీసులు మూతే. మెయిల్ ఏదైనా ఉంటే జనవరిలోనే పంపేయండి.

నా సంగతంటారా? 2024లో పండగ ఫిబ్రవరి 10న. జనవరిలోనే ఆయన వయసు అడిగాను. నవ్వుతూ చెప్పారు, మా నాన్నకంటే చిన్న. పండగ ముందు రోజు ‘చుక్ చూ నమ్ మొయ్ యోయ్ యావ్ సుక్ ఖ్వే’ అని పంపాను. బాబాయ్‌కి కొత్త ఏడాది నిండు ఆరోగ్యం కలగాలని. డబ్బు మాట ఎత్తలేదు. జవాబులో ‘చావ్’ అన్న మాట కనిపించి గుండె ఝల్లుమంది. వెతికి చూస్తే అబ్బాయ్ వరస, అన్నదమ్ముల కొడుకుని పిలిచే పిలుపట.