గృహపరిశ్రమలు: చిత్రిక యంత్రము కొనబోవు సోదరికి



ఎమ్మిగనూరినుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారిది నేతవారి యిల్లు. మగ్గము నిలిచిపోయిన పిమ్మట భర్తగారు, పూర్వము మగ్గములు బాగుచేయుచు నేర్చిన కొయ్యపనినే జీవనాధారముగా చేసికొనిరి. పెరటి వసారాలో ఇరువురును కలిసి భోజనపు పీటలు, దేవుని మందిరములు, చిన్న బీరువాల తలుపులు చేయుచున్నారు. భర్తగారు కోయుట, చిత్రిక పట్టుట, కూర్చుట చూచుకొందురు. ఈ సోదరి గరుకుకాగితముతో నునుపుచేసి, నూనె పట్టించి, జమాఖర్చులు వ్రాయుదురు.

ఇప్పుడు భర్తగారి కుడిభుజము పట్టుకొనిపోయినది. దినమంతయు చిత్రిక పట్టరాదని వైద్యుడు చెప్పినాడట. కావున చిత్రిక యంత్రము నొకదానిని కొనవలెనని తలంపు. చేతనున్న సొమ్ము మాత్రము కూతురి కళాశాల రుసుమునకై చీటీ పాడి తెచ్చినది. రుసుము కట్టుటకు నాలుగు నెలలు గడువున్నది. "అంతలోపల యంత్రము ఆ సొమ్మును తిరిగి సంపాదించి పెట్టునా? పెట్టునేని ఎట్టిది కొనవలెను?" అని వారి ప్రశ్న. ఆదోనిలో ఒక పాత మిల్లు యంత్రము చౌకగా వచ్చుచున్నదట. అమెరికాలోనున్న తమ్ముడు అచ్చటి యంత్రము పంపెదనని చెప్పినాడట. అంగడివారు బల్లమీద నిలుపు పన్నెండంగుళముల చిన్న యంత్రమును చూపిరట. ఇట్టి చిక్కు ఒక్క యింటిది కాదు గనుక జవాబు నిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఈ యంత్రము ఏమి చేయునో, ఏమి చేయదో తెలిసికొందము. 1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్త్ అను నతడు పలకలు చిత్రిక పట్టు యంత్రమునకు పేటెంటు పొందెను. నేటి చిన్న యంత్రములు ఆ వంశములోనివే. క్రింద నునుపైన లోహపు బల్ల యుండును. దానిపైన గిఱ్ఱున తిరుగు దుంగకు రెండో మూడో కత్తులు బిగించియుండును. కత్తులకు ముందొకటి, వెనుక నొకటి రోలర్లుండును. పలక నందించినచో రోలర్లు దానిని తామే లాగికొని, కత్తుల క్రిందుగా నడిపి, ఆవలివైపున విడుచును. బల్లకును కత్తులకును నడుమ ఎంత యెడముండునో పలక అంత మందముననే వెలువడును. పది పీటల పలకలు ఒక్క మందమున వచ్చుట దీని గుణము.

అయితే వంకర పలకను ఇది సరిచేయదు. రోలర్లు నొక్కినప్పుడు వంకర అణగును. వెలుపలికి రాగానే మరల లేచును. పీట వంకరయైనచో అప్పడము సమముగా వచ్చునా? అట్లే క్రిందిముఖము చదునుగా నున్నప్పుడే పైముఖము చదునగును. పలక రెండు కొనలమీదను ఒక్కొక్క తిన్నని బద్దను అడ్డముగా నుంచి, ఒక కొననుండి కన్ను వంచి చూడుడు. బద్దల అంచులు రెండును ఒకదానితో నొకటి కలిసినచో పలక మెలికపడలేదని గ్రహింపవచ్చును. కలియనిచో ఒక ముఖమును ముందుగా చేతితో చదునుచేయవలసినదే. భుజము బాధించువారికి మరియొక యుపాయము గలదు. చదునైన గట్టి పలకమీద వంకర పలకను పరచి, లేచిన మూలల క్రింద సన్నని చీలికలు దోపి కదలకుండ బిగించి, రెంటిని కలిపి యంత్రములో నడిపినచో పైముఖము చదునగును. తరువాత దానిని త్రిప్పి వేయవలెను.

ఇక మూడు యంత్రముల సంగతి. పాత మిల్లు యంత్రము పోత యినుముతో చేసినది, బరువైనది, చిరకాలము మన్నునది. కాని అట్టివి సాధారణముగా మూడు ఫేజుల విద్యుత్తుతో నడుచును. మన యిండ్లలో నుండునది ఒక్క ఫేజు. వేరు కనెక్షను, నేలకు గట్టి పునాది, దింపుటకు కూలీలు, అరిగిన బేరింగులకు మరమ్మతు, ఇవన్నియు కలిపి చూడగా చౌక యనునది నిలువదు. దినమునకు బండెడు కొయ్య కోయువారికి అది తగును గాని పెరటి వసారాకు తగదు.

తమ్ముని ప్రేమ కాదనము. కాని అమెరికా యంత్రము 120 వోల్టులకు చేసినది. మన యింటి 230 వోల్టులకు తగిలించిన నాడే మోటారు కాలిపోవును. అది నడువవలెనన్న రెండు కిలోవాట్లకు పైబడిన ట్రాన్స్‌ఫార్మరు కావలెను. అచ్చటి 13 అంగుళముల యంత్రములలో పేరుగన్న దానియొకటి సుమారు 42 కిలోల బరువు; విమానములో ఒక పెట్టెకు సాధారణముగా ననుమతించునది 23 కిలోలు. కత్తులు మొండిపడిన ప్రతిసారియు సముద్రములు దాటి కబురంపవలెను. తమ్ముని ఆ సొమ్మునే పంపుమని వ్రాయుట మేలు.

మిగిలినది పన్నెండంగుళముల చిన్న యంత్రము. ఈ తరగతిలో మకీటా 2012ఎన్‌బి యనునది 304 మిల్లీమీటర్ల వెడల్పు పలకను పట్టును. దాని మోటారు 1650 వాట్లు. బరువు సుమారు 28 కిలోలు. కావున ఇద్దరు పట్టి లోపల దాచవచ్చును. సన్నని పలకకు ఒక్కసారికి 3 మిల్లీమీటర్ల వరకు తీయును. వెడల్పయిన దానికి అంతకు తక్కువ. ఆశపడి లోతుగా కోసినచో మోటారు మూలుగును, పోగులు చిట్లిపోవును. పలుచపలుచగా నాలుగుమార్లు నడుపుటయే ఉత్తమము. పీటలకును మందిరములకును పన్నెండంగుళములకు మించిన పలక అరుదుగా కావలసివచ్చును గనుక ఈ వెడల్పు చాలును.

కత్తుల విషయమున మా యింటి కథ యొకటి చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట మేమును ధర యొకటే చూచి ఒక యంత్రము కొంటిమి. ఆరు నెలలలో దాని కత్తులు మొండిపడినవి. ఆ కొలత కత్తులు ఏ యూరిలోను దొరకలేదు, అమ్మినవారు జవాబీయలేదు. ఆ యంత్రము గోనెపట్టా కప్పుకొని ఏడాదిపాటు మా వంటింటి ప్రక్కను ఆవకాయ జాడీలను మోసినది. అప్పటినుండి ఎవ్వరడిగినను మేము చెప్పు మొదటిమాట యిది: యంత్రముతో పాటు అదనపు కత్తుల జతను అదే దినమున, అదే అంగడిలో కొనుడు. అది దొరకనిచో యంత్రమును కొనకుడు.

కత్తులలో రెండు విధములు. తిన్ననివి కొన్ని రెండంచులవి. ఒక అంచు అరిగిన త్రిప్పి బిగింపవచ్చును. రెండవ విధమున దుంగచుట్టును మెలికవరుసలో చిన్న చిన్న కార్బైడు పలుకులు బిగించియుందురు. ప్రతి పలుకునకును సాధారణముగా నాలుగంచులు. ఏది చెడిన దానినే త్రిప్పవచ్చును. చప్పుడు తక్కువ, చిట్లుట తక్కువ. ధర మాత్రము చాల హెచ్చు. మన ప్రాంతపు కొయ్యను గూర్చియు ఆలోచింపవలెను. టేకులో ఇసుకగుణము గల సిలికా యుండుటచే కత్తులను త్వరగా మొండిచేయును. తుమ్మ, చింత మిక్కిలి గట్టివి. పాత యిండ్ల దూలములు, ద్వారబంధములు కొని పనిచేయువారు వానిలో దాగిన మేకులకు భయపడవలెను. ఒక్క మేకు కత్తి యంచు నంతటిని చెఱచును. అట్టి కొయ్యపై అంగుళమంగుళము అయస్కాంతముతో తడిమి చూచి, మట్టియు సున్నమును తోమిన తరువాతనే యంత్రమున కందింపుడు.

అంగడికి పోవునప్పుడు వట్టి చేతులతో పోకుడు. నాలుగడుగుల వేపపలక యొకటి, టేకుపలక యొకటి వెంట గొనిపోయి, మీ కన్నులయెదుట నడిపింపుడు. బయటికి వచ్చిన పలక రెండంచుల మందమును కొలిచి చూడుడు. రెండు కొనలయందును వ్రేలితో తడిమి చూడుడు. పలకను ఒక్క రోలరే పట్టియున్న సమయమున కొన లేచి కత్తి లోతుగా కొఱుకును. అక్కడ పల్లము తెలియును. కొంచెము కొఱుకుట అన్ని యంత్రములకును గలదు. ముందు వెనుకల పొడుగైన ఆధారపు బల్లలుండి, కత్తుల దుంగను కదలకుండ బిగించు గొళ్ళెమున్నచో అది తగ్గును. పలకలను ఒకదానివెంట నొకటి ఆనించి పంపుటయు, రెండు కొనలను మూడేసి అంగుళములు అదనముగా నుంచి పిదప కోసివేయుటయు మంచి అలవాట్లు.

ఇక జాగ్రత్తలు. ఈ యంత్రమును దీపములకు, ఫ్యానులకు వాడు చిన్న ప్లగ్గులో పెట్టరాదు. ఎర్తు గల 16 ఆంపియర్ల ప్లగ్గు వేయింపుడు. సన్నని పొడుగు తీగెలు వేడెక్కును. పూర్తి బరువుతో గంటసేపు నడిచినను ఖర్చగునది 1.65 యూనిట్లే గనుక కరెంటు ఖర్చునకు జంకనక్కరలేదు. అడుగుకంటె పొట్టి పలకను లోపలికి పంపరాదు. రెండు రోలర్లకు నడుమ అది ఎగిరిపడును. పీటల పలకను ముందు చిత్రిక పట్టి, పిదప ముక్కలుగా కోయుడు. పలక వెనుకకు తన్నవచ్చును గనుక దానికి నేరుగా నిలువరాదు. సోదరీమణులు యంత్రముకడ నిలుచునప్పుడు కొంగు నడుమున దోపినంతమాత్రమున చాలదు. పైన బిగువైన చొక్కా తొడిగి, జడను ముడివేసి, గాజులు తీసియుంచవలెను. రోలరు పలకను లాగినట్లే బట్టను లాగును. కత్తులు మార్చునపుడు మీట ఆర్పిన చాలదు, ప్లగ్గే ఊడదీయవలెను.

దీని చప్పుడు తొంబది డెసిబెల్లులు దాటుట సాధారణము. 85కు మించిన చప్పుడులో దినమెల్ల పనిచేసిన చెవులు చెడును. కావున చెవులకు కప్పులు కావలెను. పొట్టు గంపలకొలది వచ్చును. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కొయ్యధూళిని మనుష్యులకు క్యాన్సరు కలిగించువానిలో చేర్చినది. ముక్కునకు మంచి ముసుగు, యంత్రమునకు పొట్టులాగు గొట్టము ఉండవలెను. ఉయ్యెలయు పొయ్యియు నున్నచోట యంత్రము నుంచరాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. యంత్రము నాలుగు నెలలలో రుసుము సంపాదించునా? ఉదాహరణకు వారమునకు 40 పలకలనుకొందము. చేతితో పలకకు 20 నిమిషములైన మొత్తము 13 గంటల 20 నిమిషములు. యంత్రముతో 5 నిమిషములైన 3 గంటల 20 నిమిషములు. మిగులునది పది గంటలు. ఆ పది గంటలలో చేసిన పీటలు అమ్ముడుపోయిననే లాభము. ఇప్పటికే చేసిన పీటలు అటకమీద మిగిలియున్నచో, యంత్రము అటకను నింపును గాని పెట్టెను నింపదు. కావున ఒక నెలపాటు ఈ సోదరి తమ జమాఖర్చుల పుస్తకములో మూడు వరుసలు వ్రాయవలెను: చిత్రికకు పట్టిన గంటలు, అడిగినవారికి ఇయ్యలేక పోగొట్టుకొన్న బేరములు, అమ్ముడుపోక నిలిచిన సరుకు.

మా సలహా యిది. కూతురి రుసుమును ముట్టకుడు. భుజమునకు విశ్రాంతి మాత్రము నేడే కావలెను. అందుకై వారమునకొకసారి పలకలన్నియు కట్టగట్టి, సుమారు ముప్పది కిలోమీటర్ల దూరముననున్న ఆదోనికి గొనిపోయి, కొయ్య మిల్లులో కూలికి చిత్రిక పట్టింపుడు. ఆ కూలియే మీకు కొలబద్ద. నెలనెలా అది ఎంతగుచున్నదో తెలిసిన నాడు యంత్రము ఎన్ని నెలలలో తన ధరను తీర్చునో మీరే లెక్క కట్టగలరు.

మరియొక మార్గమును మీ యూరే చూపినది. 1938లో, ఎమ్మిగనూరు ఇంకను బళ్ళారి జిల్లాలో నున్న కాలమున, మాచాని సోమప్పగారు నేతవారిని కూడగట్టి సహకార సంఘము స్థాపించిరి. 1953లో ఆ ప్రాంతము కర్నూలు జిల్లాలో చేరినది. 1954లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఒక్క మగ్గమువానికి సాధ్యముకానిది పలువురు కలియగా సాధ్యమైనది. మీ వీధిలో కొయ్యపని చేయు ఇండ్లు మరి మూడున్నచో, నలుగురును కలిసి ఒక యంత్రము కొని, వారములు పంచుకొని, కత్తులకై నెలకింత వేరుగా దాచుడు. చిన్న యంత్రము దినమెల్ల నడుచుటకు చేసినది కాదు. నాలుగిండ్ల పనికి మాత్రము మితముగా నడిపిన చాలును.

కూతురు కళాశాలలో చేరిన వార్తయు, నెల లెక్కయు ఈ సోదరి మాకు మరల వ్రాయుదురుగాక. వచ్చు నెల పీటలకు నూనె పట్టించు విధమును గూర్చి వ్రాయుదుము.