చేతిలో ఆటపెట్టె – తాళపుచెవి ఎవరి దగ్గర?



సెలవులకు గల్ఫ్ నుండో, అమెరికా నుండో బంధువులు మన నాగారం ఇళ్లకు వస్తే, పిల్లలకు తెచ్చే కానుకల్లో చేతిలో పట్టుకొని ఆడే వీడియో గేమ్ ఒకటి. కొత్తది కొనలేనివారు సికింద్రాబాద్ వెళ్లి పాతది తెచ్చుకొంటారు. "ఇది మంచిదా, చెడ్డదా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. పెట్టె సంగతి కంటె, దానిలోకి ఆటలు ఏ దారిన వస్తున్నాయో చూడడమే ముఖ్యమని మా అభిప్రాయం.

ముందుగా మంచి చెప్పుకొందాము. ఆపరేషన్‌కు ముందు 4 నుండి 12 ఏళ్ల పిల్లల చేతికి ఇటువంటి గేమ్ ఇస్తే వారి భయం తగ్గిందని 2006లో అమెరికాలోని న్యూజెర్సీ వైద్యులు ప్రచురించారు. మంచం మీద ఉన్న బిడ్డ కాసేపు నొప్పి మరచి నవ్వితే మాకూ సంతోషమే.

అయితే సోనీ కంపెనీ 2004 డిసెంబరులో జపాన్‌లో పి.ఎస్.పి. విడుదల చేసినప్పుడు ఆటలు చిన్న డిస్కులుగా వచ్చేవి. డిస్కు కావాలంటే నాన్నను అడగాలి, షాపుకు పోవాలి. మరొకటి దొరికేవరకు ఆగాలి. ఆ ఆగడమే పిల్లవానికి మేలు చేసేది. 2009లో వచ్చిన పి.ఎస్.పి. గోలో డిస్కు పెట్టే చోటే లేదు, అన్నీ డౌన్‌లోడ్ చేసుకోవలసినవే. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కోసం అమ్మే కొన్ని కార్డులలో ఆట ఉండదు. కార్డు పెట్టి ఇంటర్నెట్ నుండి దించుకోవాలి. అడగడం, ఆగడం రెండూ తగ్గిపోయాయి.

పైగా ఈ డౌన్‌లోడ్ దుకాణాలు శాశ్వతము కావు. పి.ఎస్.పి.లో మిగిలిన కొనుగోలు సౌకర్యాన్ని సోనీ 2021 జూలైలో తీసివేసింది. నింటెండో 3డిఎస్ దుకాణం 2023 మార్చిలో అమ్మకాలు మానేసింది. అప్పుడు పాత పెట్టె ఉన్న పిల్లవాడు "ఒక్కసారి రుసుము కట్టండి, జీవితాంతం లెక్కలేనన్ని ఆటలు" అనే ప్రకటనల వెంట పోతాడు. లేదా మెమరీ కార్డు నిండా కాపీ ఆటలు ఎక్కించి ఇచ్చేవారి దగ్గరకు పోతాడు. ఆట తయారుచేసినవారికి అందులో పైసా అందదు. సండేస్కూలులో పది ఆజ్ఞలు కంఠస్థం చేయించి, ఇంట్లో దొంగసొత్తు చేతికిస్తే బిడ్డ దేనిని నేర్చుకొంటాడు? తండ్రి బ్యాంకు కార్డు నంబరు ఎవరి చేతిలో పడుతుందో కూడా తెలియదు.

"పేదవాళ్లం, కొనలేము" అంటారా? ఇద్దరు స్నేహితులు తాము కొన్న డిస్కులు మార్చుకొని ఆడుకొంటే ఖర్చూ లేదు, తప్పూ లేదు.

ఆరోగ్యం మాటకు వస్తే, కార్డులో వంద ఆటలు ఉన్న పిల్లవానికి ఏ ఆటా పూర్తి కాదు, రాత్రీ పూర్తి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుండి అమలు చేసిన వ్యాధుల జాబితాలో గేమింగ్ రుగ్మతను చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటె ఆటే ముఖ్యమవడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం దాని గుర్తులు. సాధారణంగా ఏడాదిపాటు ఇవి కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. కాబట్టి ఆడే ప్రతి బిడ్డా రోగి అని భయపడవద్దు.

ఇంట్లో ఇలా చేద్దాము:

1. ఒకసారికి ఒకే ఆట. అది పూర్తయ్యాకే మరొకటి. పాస్‌వర్డు, కొనుగోలు రెండూ తల్లిదండ్రుల చేతిలోనే ఉండాలి.

2. రాత్రి కుటుంబ ప్రార్థన తర్వాత పెట్టె పెద్దల గదిలో ఉండాలి, పడక మీదికి రాకూడదు.

3. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి.

4. రోజూ పగటి వెలుతురులో ఆరుబయట ఆడనివ్వండి. దూరపు చూపు తగ్గే ప్రమాదం తగ్గుతుంది.

5. కొట్టి లాక్కోవద్దు. నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే డాక్టరుగారి దగ్గరకు తీసుకురండి.

పిల్లవాని చేతిలో పెట్టె ఉన్నా ఫరవాలేదు. దాని తాళపుచెవి మాత్రం అమ్మానాన్నల చేతిలో ఉండాలి. ప్రభువు మన గృహములను దీవించును గాక.