మేనిఛాయకు వెల కట్టువారు

మన యిండ్లలో ఆడుశిశువు పుట్టినప్పుడు చూడవచ్చిన అమ్మలక్కలు మొదట నడుగు ప్రశ్న "పిల్ల యే ఛాయ?" అనునదియే. తల్లి క్షేమమును, బిడ్డ యారోగ్యమును తరువాతి మాటలు. ఆ ప్రశ్న యా బిడ్డను ఊయలనుండి పెండ్లిపీటలదాక వెన్నాడుచునే యుండును. పెండ్లిచూపులనాడు పిల్ల చదువును, గుణమును విచారింపక మున్నే "కొంచెము రంగు తక్కువ" యని మగపెండ్లివారు పెదవి విఱుతురు. రంగు తగ్గినకొలది కట్నము హెచ్చును. వరుడు తాను నల్లనివాడే యైనను తెల్లని వధువునే కోరును. చర్మమునకు ఇట్లు వెల కట్టు సంఘము ఎన్ని పట్టములు పొందిన నేమి?

ఇందులోని వింత చూడుడు. కృష్ణుడనగా నల్లనివాడని యర్థము. భారతకథకు నాయికయైన ద్రౌపదికి సైతము కృష్ణ యనునది పేరు. "నలుపు నారాయణుడు మెచ్చు" నని సామెత చెప్పుదుము. గుడిలో నలుపునకు హారతి, ఇంటిలో నలుపునకు నిట్టూర్పు!

శాస్త్రమేమి చెప్పుచున్నది? చర్మమునకు వన్నె నిచ్చునది మెలనిను అను పదార్థము. దానిని పుట్టించు కణముల సంఖ్య తెల్లవారికిని నల్లవారికిని ఇంచుమించు సమానమే. అవి పుట్టించు పదార్థముయొక్క పరిమాణమునందును రకమునందును మాత్రమే భేదము గలదు. ఎండ మెండుగా గాయు దేశములలో సూర్యుని అతినీలలోహిత కిరణముల తాకిడి తగ్గించుటకు ప్రకృతి పట్టిన గొడుగది. గొడుగును రోగమనుటకంటె అవివేకమున్నదా?

ఈ యవివేకమే కొందఱికి లాభమైనది. 1975లో హిందుస్థాన్ లీవర్ సంస్థ ఫెయిర్ అండ్ లవ్లీ యను లేపనమును మన విపణికి దెచ్చినది. నల్లని పిల్లకు వరుడు దొరకడు, ఉద్యోగము రాదు, లేపనము పూసినంతనే రెండును లభించునని బోధించు ప్రకటనలను మన మెన్ని యేండ్లు కన్నులార చూచితిమి! నలుపును హీనముగా చూపరాదని 2014లో ప్రకటనల ప్రమాణమండలి నియమము విధించినది. 2020లో ఆ లేపనము పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చిరి. ఆ యేడే షాదీ డాట్ కామ్ వారు రంగును బట్టి వధూవరులను ఏఱుకొను సదుపాయమును తొలగించిరి. మంచిదే. కాని యిల్లలుకగానే పండుగగునా? తెలుపను మాట పోయి కాంతి యను మాట వచ్చినది. కోరిక మాత్రము కదలలేదు.

పేరు తెలియని లేపనముల సంగతి మఱియు ఘోరము. కొన్నింట పాదరసము కలుపుదురు, కొన్నింట స్టిరాయిడ్లు కలుపుదురు. పాదరసము మూత్రపిండములను చెఱచును. కేరళములోని మలప్పురము జిల్లాలో ఇట్టి లేపనములు వాడినవారికి మూత్రపిండ వ్యాధి సోకుటను 2023లో వైద్యులు కనుగొనిరి. స్టిరాయిడ్లవలన చర్మము పలుచనై యెఱ్ఱబాఱును, మొటిమలు లేచును, ముఖమున రోమములు మొలచును, వాడుట మానినంతనే మంట హెచ్చును. వైద్యుని చీటి లేక వీని నమ్మరాదని 2018లో ప్రభుత్వము కట్టడి చేసినది. అయినను పెండ్లిచూపులు దగ్గఱపడిన పిల్ల తల్లికి ఆ కట్టడి గుర్తుకు వచ్చునా?

ఇచట రెండు తెగలవారు నాకు అడ్డు వత్తురు. వర్తకుడు "అది యామె యిష్టము, మేము బలవంతపెట్టితిమా?" యనును. నీతివాది "దేవుడిచ్చిన రూపమును మార్చుకొనుట యేమి చోద్యము!" అని యా పిల్లనే తిట్టును. వీరిద్దఱిలో నెవరి మాటయు నాకు సమ్మతము కాదు.

నీతివాదికి ముందు జవాబు చెప్పెదను. అయ్యా, తమరు నెరసిన మీసమునకు రంగు వేయునప్పుడు దేవుని యనుమతి పొందితిరా? బట్టతలపై వెండ్రుకలు నాటించుకొను పురుషుని చూచి యేల యూరకుందురు? ఎవరి దేహముపై వారికే యధికారము. ఒకతె కురులు కత్తిరించుకొననిండు, వేఱొకతె పెదవులకు రంగు దిద్దుకొననిండు. అది వారి ముచ్చట. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపించిన కాలమున వితంతువు తల గొఱిగించుట పెద్దల హక్కుగా నుండెను. ఆ దురాచారమునందలి దోషము వెండ్రుకలు పోవుట కాదు. తన తలపై తనకు మాట లేకుండుట.

ఇక వర్తకుడు. ఇష్టమును గుర్తించుటకు ఒక్కటే గీటురాయి కలదు: ఆ మార్పు వలదన్నచో ఆమెకు శిక్ష కలుగునా? ముచ్చటకు కాటుక పెట్టుకొనుట మానిన పిల్లకు ఏ నష్టమును లేదు. తెల్లబడనన్న పిల్లకో సంబంధము తప్పును, కట్నము పెరుగును, తోబుట్టువుల యెదుట తల వంగును. శిక్షకు వెఱచి చేసినదానిని ఇష్టమనుట వంచన. ఆనాడు మంగలికత్తి పెద్దల చేత నుండెను. నేడు లేపనమును మనమే పిల్ల చేతికిచ్చి, ఆమెయే కోరినదనుచున్నాము.

కనుక సంస్కర్తలారా, అద్దము ముందు నిలిచిన పిల్లను గద్దింపకుడు. ఆమె వాడు లేపనములో నేమున్నదో యోపికతో చెప్పుడు. మీ కోపమును పెండ్లిబేరము వైపు త్రిప్పుడు. వివాహప్రకటనలలో రంగు మాట వ్రాయకుడు. మీ కుమారునికి తెల్లని పిల్ల కావలెనని యెవరితోను అనకుడు. రంగు తక్కువని కట్నము హెచ్చించువానికి పిల్లనీయకుడు. ఇంతకంటె సులభమైన పని మొదట నొకటి కలదు. రేపు మీ యింట నొక యాడుబిడ్డ పుట్టినప్పుడు ఛాయ మాట యెత్తక, "తల్లియు బిడ్డయు క్షేమమా?" యని యడుగుడు.