తెర తెరవగానే ఏం కనిపించాలి?

మన ఊళ్ళలో తెల్లవారగానే అమ్మ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసేది. ఇక్కడ ఉనైజాలో ఫ్లాట్లలో ఉండే మనకు ఆ వాకిలి లేదు. మన పిల్లలు పనికి కూర్చోగానే ముందుగా చూసేది కంప్యూటర్ తెర. కాబట్టి ఆ మొదటి తెర మీద ఏం ఉండాలో మనమే నిర్ణయించుకోవాలని మా అభిప్రాయం.

మేము ప్రోగ్రాములు రాయడానికి విమ్ అనే ఎడిటర్ వాడతాం. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్ దాన్ని 1991లో విడుదల చేశారు. 1994లో ఆయన ఉగాండాలోని కిబాలేలో స్వచ్ఛంద సేవ చేశారు. విమ్‌ను అందరికీ ఉచితంగానే ఇచ్చి, దాని మొదటి తెర మీద మాత్రం ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని ఒక్క వాక్యం పెట్టారు. ఆయన 2023లో కన్నుమూశారు.

పని త్వరగా మొదలవుతుందని మేము ఆ తెరను ఎప్పుడో ఒక్క సెట్టింగుతో తీసేశాం. ఒక సెలవు రోజున కొత్త కంప్యూటర్‌లో విమ్ తెరిస్తే, పక్కనే ఉన్న మా అమ్మాయి ఆ వాక్యం చదివి, "నాన్నా, ఉగాండా ఎక్కడుంది? ఆ పిల్లలకి ఏమైంది?" అని అడిగింది. అట్లాసు తీసి అరగంట మాట్లాడుకున్నాం. అప్పుడు గానీ మాకు తెలియలేదు, తీసేసిన చోట మేము ఏమీ పెట్టుకోలేదని!

ఇప్పుడు ఎడిటర్ తెరవగానే మాకు ఒక చిన్న ఫైలు వస్తుంది. నిన్న ఎక్కడ ఆపామో ఒక వరుస, ఈరోజు చేయాల్సినవి మూడు వరుసలు. అంతే. అమ్మాయికి ఈమాక్స్ ఎడిటర్‌లో అలాంటిదే చేసిపెట్టాం. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే సదుపాయం అందులోనే ఉంది. ఆమె ఫైలులో వారం పాఠంలోని ఒక మాట, నిన్న రాసిన వాక్యం, ఈరోజు రాయాల్సిన ఖాళీ వరుస ఉంటాయి. మొన్నటి మాట ఖర్జూరం. "సుక్కరీ ఖర్జూరం అమ్మమ్మకి పంపాలి" అని రాసింది. ఒత్తు తప్పలేదు!

తెరను ముస్తాబు చేయడమే పని అయిపోతుందని కొందరు అంటారు. నిజమే. మేమూ రంగులకూ, గడియారానికీ, వాతావరణానికీ రెండు రాత్రులు తగలేశాం. ఆగస్టులో ఉనైజా ఎండ సంగతి తెర చెప్పాలా, కిటికీ తీస్తే చాలదూ? అవన్నీ తీసేసి రెండు నియమాలు పెట్టుకున్నాం. అయిదు వరుసలు మించకూడదు. రోజూ ఒక్క వరుసైనా మారాలి. మారనిదాన్ని కళ్ళు నాలుగో రోజు నుంచి చదవవు.

ఇదంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళ గొడవ అనుకోకండి. విండోస్‌లోని నోట్‌ప్యాడ్ చాలు. మొదటి వరుసలో చుక్క పెట్టి, పక్కనే ఎల్, ఓ, జీ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టి, ఫైలు సేవ్ చేయండి. ఇక తెరిచినప్పుడల్లా ఆనాటి తేదీ, సమయం చివర వాటంతటవే పడతాయి. వాటి కింద పిల్లలు ఒక తెలుగు వాక్యం రాస్తే రోజువారీ డైరీ అవుతుంది. ఆ ఫైలు షార్ట్‌కట్‌ను స్టార్టప్ ఫోల్డర్‌లో పెడితే, కంప్యూటర్‌లో లాగిన్ కాగానే అదే తెరుచుకుంటుంది.

మన తెలుగు తరగతి వారానికి ఒక్కసారే. మిగిలిన రోజులు బడిలో ఇంగ్లీషు, బజారులో అరబ్బీ. ఎంత శ్రద్ధగా చెప్పినా శుక్రవారం నేర్పిన మాట మంగళవారానికి జారిపోవడం మేము చూస్తూనే ఉన్నాం. రోజుకు ఒక్క వాక్యం ఆ జారుడును ఆపగలదు.

తల్లిదండ్రులారా, ఈ వారాంతం పిల్లల పక్కన పది నిమిషాలు కూర్చోండి. మొదటి మాట వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఎక్కడైనా చిక్కు వస్తే, తరగతి అయ్యాక కంప్యూటర్ తెచ్చి మాకు చూపించండి. కలిసి సరిచేద్దాం.