తిరిగిన ఆడది చెడలేదు

"తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు." మా ఇంట్లో ఈ సామెత ఉప్పూ కారంలా రోజూ వాడేవాళ్ళు. సాహిత్యంలో డాక్టరేట్ తెచ్చుకున్నాక కూడా దాని నీడలోనే బతుకుతున్నానని నాకు 36 ఏళ్ళకి తెలిసింది.

థీసిస్ ముగిశాక నెలల తరబడి నిద్ర లేదు. డాక్టరు మందులు రాసి, "ఎక్కడికైనా ఒక్కరే వెళ్ళి రండి" అన్నారు. వీపున సంచి తగిలించుకుని, జహీరాబాద్‌లో పల్లెవెలుగు ఎక్కి కోహీర్ బయలుదేరాను. జనవరి నెల, ఎముకలు కొరికే చలి. పక్క సీట్లో, జామకాయలమ్ముకుని ఖాళీ గంపతో ఊరికి పోతున్న ఒకామె.

"ఏడికి బోతున్నవ్ బిడ్డా?"

"ఊరికే, చూద్దామని."

"ఊకెనేనా! పెండ్లి లేదు, సావు లేదు?" నవ్వింది. "నేనైతే గంప లేకుంట బస్సెక్కిందే లేదు."

ఆ మాట నన్ను వదల్లేదు.

ప్రయాణం మనసుకి మందని పత్రికలు రాస్తున్నాయి. అబద్ధం కాదు. మాత్రలు మానలేదు గానీ, ఆ రెండు రోజులూ నిద్రపోయాను. నన్ను నిద్రపుచ్చింది కొత్త ఊరి గాలా? కాదు. వంటేమిటని, ఎప్పుడొస్తావని ఎవరూ అడగకపోవడం! మగవాళ్ళకి వీధి అరుగు మీద రోజూ దొరికే ఆ తీరిక కోసం నేను బస్సెక్కాల్సొచ్చింది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. వెంటనే వెక్కిరింతలూ మొదలయ్యాయి. పనీపాటా లేక తిరుగుతున్నారట! మనవాళ్ళు ఏమని జవాబిచ్చారు? కూలికి, కాలేజీకి, ఆసుపత్రికి వెళుతున్నారని. నిజమే. కానీ ఆ జవాబుతోనే నాకు పేచీ. పని ఉంటేనే ఆడది కదలాలన్న నేరారోపణని మనమే ఒప్పుకున్నట్టు కాదా? ఊరికే తిరిగితే తప్పేమిటి?

ఏనుగుల వీరాస్వామి 1830-31లో చేసిన కాశీయాత్ర నాకు ఎం.ఏ.లో పాఠం. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' మాత్రం నేనే వెతుక్కుని చదివాను. ఆడవాళ్ళు చూసిన లోకం పాఠం కాకపోవడం యాదృచ్ఛికమా?

ఈ జహీరాబాద్ ప్రాంతంలోనే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు రెండు దశాబ్దాలకు పైగా పాత పంటల జాతర చేస్తున్నారు. చిరుధాన్యాల విత్తనాలు ఎడ్ల బండ్లకెత్తి, సంక్రాంతి నుంచి ఊరూరా పాడుకుంటూ తిరుగుతారు. వాళ్ళు పని మీదే వెళతారు, నిజమే. కానీ ఇల్లు దాటడానికి ఒక్కొక్కరూ విడిగా సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. సంఘమే వాళ్ళ జవాబు. దారి వాళ్ళ సొంతమైంది అలాగే.

కాబట్టి "సంచి తగిలించుకుని వెళ్ళిపో అక్కా" అని చెప్పి చేతులు దులుపుకోలేం. బస్టాండులో శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. రాత్రి చివరి బస్సు కావాలి. ఒంటరి ఆడదాన్ని ఆరాలు తీయకుండా గది ఇచ్చే లాడ్జి కావాలి. ఆ రెండు రోజులూ ఇంట్లో గరిటె పట్టే మగాడు కావాలి. ఇవేవీ లేకుండా ప్రయాణాన్ని మానసిక ఆరోగ్యమని అమ్మడం, సంచి కొనగలిగిన నాలాంటి వాళ్ళతో వ్యాపారం మాత్రమే.

కోహీర్‌లో దిగేటప్పుడు ఆమె అడిగింది: "గంప ఇంట్ల వెట్టి వొచ్చుడు నాకెన్నడన్న అయితదా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. మన దగ్గర ఉండాలి.